చూసినవాళ్ళు చెప్పేదాకా నోరు విప్పొద్దు: ఒక గంగజాతర ఫోటోల కేస్ స్టడీ

జూన్ మొదటి ఆదివారం పొద్దున ఆ అబ్బాయి ఫోన్ నా చేతిలో పెట్టి, "అన్నా, గంగజాతర. వారం రోజులు తిరిగి తీసినాను. ఎట్లుండాయో చెప్పు" అన్నాడు. చూస్తే 64 ఫోటోలు. గంగజాతర అంటే తిరుపతిలో ఏటా మే నెలలో గంగమ్మకు వారం రోజులు చేసే పండగ, జనం రోజుకో వేషం వేసుకుని వీధుల్లో తిరుగుతారు.

నేను తిరుపతిలో పెళ్ళి ఫోటోలు తీసి బతికేవాణ్ణి. ఇరవై ఏళ్ళు దాటింది. ముహూర్తాలు లేని ఆదివారాల్లో, స్టూడియో తెరిచే ముందు ఒక రెండు గంటలు, నేర్చుకోవాలనుకునే పిల్లలు తమ ఫోటోలు తెచ్చి చూపిస్తుంటారు. ఈ అబ్బాయీ అలా వచ్చినవాడే. పేరు రాయను, చిన్నోడు అంటాను. వయసు 24. పెళ్ళిళ్ళలో రెండో కెమెరా పట్టుకునే పని. సొంత ఇష్టం మాత్రం వీధులు, జాతరలు, సంతలు. చేతిలో పాత కెనాన్ డీఎస్ఎల్ఆర్, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్స్, స్నేహితుడి దగ్గర తెచ్చుకున్న 50 ఎంఎం లెన్స్.

ఆ ఫోటోలకు అప్పటిదాకా వచ్చిన మాటలన్నీ వాడే చెప్పాడు. ఫ్రెండ్స్ "సూపర్ మామా" అన్నారు. వాళ్ళమ్మ "నువ్వు తీస్తే బాగా రాకుండా యాడికి పోతాయి" అంది. ఒక సీనియర్ ఫోన్‌లో నాలుగు చూసి "కంపోజిషన్ మీద వర్క్ చెయ్యి" అని చెప్పి పనిలో పడిపోయాడు. ఎంట్రీ ఫీజు కట్టి ఒక పోటీకి పంపితే, ఎంపిక కాలేదని ఒక్క వాక్యం వచ్చింది. ఎందుకో లేదు. ముప్ఫై మంది దాకా చూశారు. రేపు కెమెరా పట్టుకుంటే ఏం మార్చాలో ఒక్కరి మాటలోనూ దొరకలేదు.

ఇందులో ఎవరినీ తప్పు పట్టలేను. మనకు మొహమాటం ఎక్కువ. విస్తరి ముందు కూర్చుని కూరలో ఉప్పు తక్కువైందని ఏ చుట్టమూ చెప్పడు. ఒకడు మురిసిపోతూ చూపించినదానికి వంక పెట్టకూడదని మనల్ని పెంచారు. పెళ్ళి ఫోటోల్లో ఉన్నవాణ్ణి కాబట్టి ఇంకో సంగతి కూడా తెలుసు. ఫోటోలోని మనిషి మీద ప్రేమ ఉన్నవాళ్ళకు ఫోటో కనపడదు, మనిషే కనపడతాడు. ఆల్బమ్ తెరిచి "మా నాయన ఎంత బాగుండాడో" అని కళ్ళు తుడుచుకునే కూతురికి, ఆయన తలలోంచి మంటపం స్తంభం మొలిచినట్టు ఉందన్న సంగతి కనపడదు. ఆమెకు కనపడక్కర్లేదు కూడా. ఆ స్తంభం సంగతి నాకు మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి.

నేను ముందు చేసిన తప్పు

ఆ రోజు గంటలో 64 ఫోటోలూ చూసి, కనపడిందల్లా చెప్పేశాను. ఇక్కడ ఫ్రేమ్ వాలింది, ఇక్కడ చెయ్యి తెగింది, ఇది అండర్ (వెలుగు తక్కువ), ఇందులో ఫోకస్ కంటి మీద లేదు చెవి మీద ఉంది, పట్టపగలు ఐఎస్ఓ (వెలుగును కెమెరా ఎంత పెంచి చూడాలో చెప్పే అంకె) 1600 ఎందుకు. చిన్నోడు నోట్‌బుక్‌లో రాసుకుంటూనే ఉన్నాడు. పేజీన్నర నిండింది. మొహమాటం లేకుండా నిజం చెప్పానని నాకు తృప్తిగా కూడా అనిపించింది.

తర్వాత మూడు ఆదివారాలు వాడు రాలేదు. నాలుగో వారం ఒక పెళ్ళిలో కలిస్తే, మధ్యలో ఏమన్నా తీసినావా అని అడిగాను.

"లేదన్నా. తీద్దామని రెండుసార్లు బైటికి పోయినా. కెమెరా కంటికి పెట్టుకుంటే ఆ లిస్టంతా గుర్తొస్తా ఉంది. ఏది ముందు చూసుకోవాల్నో తెలీక తిరిగొచ్చేసినా."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను చెప్పినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ "సూపర్" అన్నవాళ్ళు వాణ్ణి ఎక్కడ వదిలేశారో నా పేజీన్నరా అక్కడే వదిలేసింది. పైగా వాళ్ళు కనీసం కెమెరా కింద పెట్టించలేదు.

వేరే పద్ధతి వెతకాల్సి వచ్చింది. అమెరికాలో లిజ్ లెర్మన్ అనే నృత్య దర్శకురాలు 1990లో ఒక పద్ధతి పెట్టారు. తయారవుతున్న నృత్యం మీద మాట్లాడుకోవడానికి పుట్టినదే అయినా ఇప్పుడు ఇతర కళల వాళ్ళూ వాడతారు. అందులో నాలుగు మెట్లున్నాయి. చూసినవాళ్ళు తమకు ఏది తగిలిందో, ఏది గుర్తుండిపోయిందో ముందు చెబుతారు. తర్వాత కళాకారుడు తన ప్రశ్నలు అడుగుతాడు. ఆ తర్వాత చూసినవాళ్ళు అడుగుతారు, కానీ లోపల అభిప్రాయం దాచుకోని ప్రశ్నలే అడగాలి. చివరికి, కళాకారుడు సరేనంటేనే అభిప్రాయం. నేను చివరి మెట్టు మీదికి ఒక్క దూకు దూకి, అనుమతి కూడా అడక్కుండా 64 ఫోటోల మీద తీర్పు చెప్పేశానని అప్పుడు అర్థమైంది.

ప్రశ్నలో అభిప్రాయం దాగడం అంటే ఏమిటో ఒక్క మాట. "వెనకాల ఆ ఫ్లెక్సీ ఎందుకు పెట్టినావు?" అంటే అది ప్రశ్న వేషంలో ఉన్న తిట్టు. "ఇతని వెనక ఏం కనపడాలని అనుకున్నావు?" అంటే నిజంగా ప్రశ్న. మొదటిదానికి సాకు వస్తుంది. రెండోదానికి ఆలోచన వస్తుంది.

టేబుల్ మీద పన్నెండు ప్రింట్లు

జులైలో మళ్ళీ మొదలుపెట్టాం. చిన్నోడికి మూడే చెప్పాను. 64లోంచి పన్నెండు ఏరుకో, నాలుగు బై ఆరు సైజులో ప్రింట్ వేయించు. ప్రతి ప్రింట్ వెనక పెన్సిల్‌తో నీకు తెలుసుకోవాలని ఉన్న ఒక ప్రశ్న రాయి. చూసేవాళ్ళు మాట్లాడుతున్నంతసేపు నోరు విప్పొద్దు.

ప్రింటే ఎందుకు? ఫోన్‌లో బొమ్మ వెనకనుంచి వెలుగుతుంది కాబట్టి ఏదైనా కొంత మెరుస్తుంది. చూసేవాడి వేలు ఊరుకోదు, వెంటనే మొహాన్ని జూమ్ చేస్తుంది. జూమ్ చేశాక అది వాడి ఫ్రేమ్, నువ్వు పెట్టిన ఫ్రేమ్ పోయింది. కాగితం మీద అంచులు అంచుల్లోనే ఉంటాయి. పన్నెండూ పక్కపక్కన పరిస్తే ఒకే తప్పు ఎన్నిసార్లు జరిగిందో నిలబడి చూడొచ్చు. ఫోన్‌లో ఒక్కొక్కటే జరిపితే అది ఎప్పటికీ తెలియదు.

చూసేవాళ్ళను నలుగురిని పిలిచాను. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, మా ఆల్బమ్‌లు చేసే డిజైనర్, స్టూడియో మెట్ల కింద పూలు కట్టే అక్క, నేను. పూలక్కను ఎందుకు పిలిచానని డిజైనర్ అడిగాడు. ఆమె ఏటా జాతరకు పోయి పొంగలి పెట్టే మనిషి. మా ముగ్గురికీ కెమెరా తెలుసు, ఆమెకు జాతర తెలుసు.

అందరికీ ఒకే వరుస పెట్టాను. కన్ను ముందు ఎక్కడ పడింది? అక్కణ్నుంచి ఎటు పోయింది? ఎక్కడ ఆగింది? బాగుంది, బాలేదు అన్న మాటలు ఈ మూడూ అయ్యాకే.

మొదట చిన్నోడికి ప్రాణమైన ఫోటో. బైరాగి వేషంలో పదేళ్ళ పిల్లాడు, ఒళ్ళంతా తెల్లసుద్ద, చేతిలో వేపమండ. ఆ ఫోటో కోసం తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర ఎండలో మూడు గంటలు నిలబడ్డాడు.

"ముందు ఆ ఫ్లెక్సీలో మొహం" అన్నారు మాస్టారు. డిజైనర్‌దీ అదే. నాదీ అదే. పూలక్క ప్రింట్‌ను కాస్త దూరం పెట్టుకుని, "ఎవురు నాయనా ఈయన, బిడ్డ వెనకాల నవ్వతా ఉండాడే" అంది.

చిన్నోడు ఒక్కసారి ముందుకు వంగాడు. నోరు తెరవబోయి, గుర్తొచ్చి మూసుకున్నాడు. తర్వాత చెప్పాడు, ఆ క్షణం దాకా ఫ్లెక్సీని తాను చూడనే లేదని. ఆ ఫోటోను వంద సార్లయినా చూసి ఉంటాడు. మూడు గంటల ఎండ, పిల్లాడు ఒక్కసారి తిరిగి చూసిన క్షణం, అప్పుడు ఆగిపోయిన ఊపిరి, ఇవన్నీ వాడికి ఫోటోలో కనపడుతున్నాయి. కాగితం మీద మాత్రం అవి లేవు. తీసినవాడు నోరు తెరిస్తే జరిగేది ఇదే. కథంతా చెబుతాడు, విన్నవాళ్ళు కథను మెచ్చుకుంటారు, ఫ్లెక్సీ అక్కడే ఉంటుంది.

ఇలాంటి చోట సాధారణంగా వచ్చే సలహా "బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ చెయ్". ఇక్కడ అది సగమే పనిచేస్తుంది. ఫ్లెక్సీ పిల్లాడికి రెండు మీటర్ల వెనకే ఉంది. అందులో మొహం పిల్లాడి మొహం కంటే నాలుగింతలు. 50 ఎంఎం లెన్స్ రంధ్రాన్ని బాగా తెరిచి ఎఫ్ 2 పెట్టినా అది మొహమని తెలుస్తూనే ఉంటుంది, మసకగా నవ్వుతూ ఉంటుంది. మనిషి కన్ను మొహాన్ని వెతుక్కుంటూ పోతుంది, ఆ మొహం వెలుతురులో ఉంటే ఇంకా తొందరగా పోతుంది. రెండడుగులు పక్కకు జరిగి, మోకాలి మీద కూర్చుని తీసి ఉంటే పిల్లాడి వెనక వేపచెట్టు వచ్చేది. ఆ చెట్టు అక్కడే ఉందని మరో ఫ్రేమ్‌లో కనపడింది.

అదే ఫోటోలో ఇంకోటి. తెల్లసుద్ద తెల్లగా లేదు, తడి సిమెంటు రంగులో ఉంది. దీని దగ్గర కాసేపు ఆగాలి. గంగజాతర తీసేవాళ్ళందరూ పడే గుంట ఇది.

కెమెరాలో వెలుగు కొలిచే మీటరుకు ఎదురుగా ఉన్నది ఏమిటో తెలియదు. ఫ్రేమ్‌లో ఏం పెట్టినా దాన్ని నడిమి బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. మన పాఠాల్లో 18 శాతం గ్రే అనేది ఇదే. ఇప్పుడు జాతర వరుస చూడండి. మంగళవారం రాత్రి చాటింపు. బుధవారం బైరాగి వేషం, ఒళ్ళంతా తెలుపు. గురువారం బండ వేషం, ఒళ్ళంతా కుంకుమ. శుక్రవారం తోటి వేషం, బొగ్గుపొడి నలుపు. మూడు రోజుల్లో మూడు రకాలుగా మీటరు మోసపోతుంది. తెల్లటి మనిషి ఫ్రేమ్ నింపితే వెలుగు ఎక్కువుందనుకుని తగ్గిస్తుంది, సుద్ద బూడిదవుతుంది. నల్లటి మనిషి ఫ్రేమ్ నింపితే చీకటి అనుకుని పెంచుతుంది, బొగ్గు వెలిసిపోయి వెనకాల ఆకాశం కాలిపోతుంది. తెలుపుకు ఒక స్టాప్ పెంచాలి, అంటే వెలుగు రెట్టింపు చేయాలి. నలుపుకు ఒక స్టాప్ తగ్గించాలి, అంటే సగం చేయాలి. వినడానికి తలకిందులుగా ఉంటుంది కాబట్టి పిల్లలు భయపడతారు.

కుంకుమది ఇంకో రకం ఇబ్బంది. చిన్నోడి బండ వేషం ఫోటోల్లో వీపులు ఎర్రటి ప్లాస్టిక్‌లా ఉన్నాయి, చర్మం లేదు, చెమట లేదు. హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) చూసుకున్నాను, అంతా సరిగ్గానే ఉందని నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. వాడు చూసింది తెల్లటి గీతున్న మామూలు హిస్టోగ్రామ్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ తెరిచి చూస్తే ఎరుపు ఒక్కటే కుడి గోడకు గుద్దుకుని ఉంది. ఆ ఎరుపులో వివరం పోయింది, తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తెచ్చుకోవడం కష్టం.

మే నెల ఎండలో దీనికి నాకు తెలిసిన తేలిక దారి మాన్యువల్, అంటే మీటరు మాట వినకుండా అంకెలు మనమే పెట్టుకోవడం. నడినెత్తి ఎండకు పాత ఫిల్మ్ రోజుల లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. ఐఎస్ఓ 100, లెన్స్ రంధ్రం ఎఫ్ 16, షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 1/100. ఎఫ్ 8 కావాలంటే 1/400. ఎండ మారనంతసేపు ఈ అంకెలు మార్చక్కర్లేదు. తెల్లసుద్ద తెల్లగా, బొగ్గు నల్లగా వాటంతటవే పడతాయి. సందు నీడలోకి పోయినప్పుడే మళ్ళీ చూసుకోవాలి.

ఇంతా నేను మొదటిరోజు "ఇది అండర్" అన్న ఒక్క ముక్కలో దాటేశాను. వాడికి అందులోంచి ఏం అందుతుంది?

పూలక్క చూసిన చెయ్యి

నాలుగో ప్రింట్ దగ్గర ఆ రోజంతటికీ విలువైన మాట వచ్చింది. చీర కట్టి, పూలు పెట్టి అమ్మవారి వేషం వేసిన చిన్న మగపిల్లాడు ఏడుస్తున్నాడు. టెక్నికల్‌గా బాగుంది. ఫోకస్ కంటి మీద ఉంది, వెలుగు పక్కనుంచి మెత్తగా పడింది. మేం ముగ్గురం తలలూపాం. పూలక్క మాత్రం ప్రింట్ అంచు మీద వేలు పెట్టింది.

"ఈడ వాళ్ళమ్మ చెయ్యి ఉండాది చూడు, సగమే ఉండాది. బిడ్డ ఊరికే ఏడవడు నాయనా. వాళ్ళమ్మ బొట్టు పెడతా ఉంటే ఏడస్తాడు. ఆ చెయ్యి యాడికి పోయింది?"

చిన్నోడు నోట్‌బుక్‌లో ఏదో రాసి గట్టిగా గీత గీశాడు. మాట్లాడే వంతు వచ్చాక చెప్పాడు, మొహం పెద్దగా ఉండాలని కంప్యూటర్‌లో క్రాప్ చేశానని. ఒరిజినల్ తెరిపించాం. పసుపు వేళ్ళు, గాజు తొడిగిన మణికట్టు, వంగిన తల్లి భుజం, అన్నీ ఉన్నాయి. మంచి ఫోటో తీసి, దాన్ని వాడే కోసి పారేశాడు.

దాంతో హార్డ్ డిస్క్ మొత్తం తెరిచాం. వారం రోజుల్లో 1,900కు పైగా ఫ్రేములు. వాడు ఏరిన పన్నెండింటికి ముందు వెనకల ఫ్రేములు చూసుకుంటూ పోతే, వాడు వదిలేసినవాటిలోనే మూడు మంచివి దొరికాయి. ఎందుకు వదిలేశావని అడిగితే ఒకటి కొంచెం షేక్ అయిందని, ఒకదాంట్లో మొహం కనపడలేదని అన్నాడు. ఏరడం కూడా ఫోటోగ్రఫీలో సగం పని. దాని మీద అభిప్రాయం చెప్పాలంటే ఏరినవి ఒక్కటే చూస్తే సరిపోదు, వదిలేసినవి కూడా చూడాలి. ఇది నేనూ ఆ రోజే నేర్చుకున్నాను.

కెమెరా తెలిసినవాళ్ళు "ఎలా" గురించి బాగా చెబుతారు. "ఏమిటి" గురించి మాత్రం ఆ పండగ చేసుకునేవాళ్ళను, ఆ పని చేసేవాళ్ళను అడగాలి. పూలక్కకు ఎఫ్ స్టాప్ తెలియదు. ఆ చెయ్యి ఉండాలని మా ముగ్గురికీ తట్టలేదు.

ఏడో ప్రింట్ దగ్గర నేనే పొరబడ్డాను. పలకలు, అంటే డప్పులు, కొట్టే మనిషి. మొహం నిలకడగా ఉంది, కొట్టే చెయ్యి మాత్రం పొగలా చెరిగిపోయింది. షట్టర్ 1/30. వరుస తప్పి నేనే ముందు, "ఇక్కడ కనీసం 1/500 ఉండాల్సింది" అనేశాను. పూలక్క నా మాట పట్టించుకోకుండా "దీంట్లో సద్దు వినపడతా ఉంది" అంది. మళ్ళీ చూశాను. నిజమే. చెయ్యి ఆగిపోయి ఉంటే కర్ర పట్టుకున్న మనిషి మిగిలేవాడు, దెబ్బ మిగిలేది కాదు. ప్రింట్ వెనక్కి తిప్పితే చిన్నోడి ప్రశ్న ఉంది: "చెయ్యి బ్లర్ కావాలనే చేసినా. స్పీడు తెలస్తా ఉందా?" ముందు ఆ ప్రశ్న చదివి ఉంటే నేను ఆ మాట అనేవాణ్ణి కాదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నానని వాడి ముందే చెప్పాను. పెద్దవాడు చెప్పాడు కదా అని వాడు వచ్చే జాతరకు 1/500 పెట్టుకుని పోయి ఉంటే ఆ పాపం నాదయ్యేది.

తొమ్మిదో దాని మీద మాస్టారికీ డిజైనర్‌కీ వాదన పడింది. సందులో జనం, ఫ్రేమ్ వాలుగా ఉంది. నిటారుగా పెట్టాలని ఆయన, ఇంకా వాల్చాలని ఇతను. చిన్నోడికి టెన్షన్ మొదలైంది, ఎవరి మాట వినాలని. నేను మాస్టారిని అడిగాను, మీ కన్ను ఎక్కడ ఆగిందని. ఎడమ పక్క కరెంటు స్తంభం దగ్గర అన్నారు. డిజైనర్‌నూ అడిగాను. స్తంభమే. ఇద్దరూ ఒకేచోట తట్టుకున్నారు, మందులే వేర్వేరు చెప్పారు. వాడు రాసుకోవాల్సింది స్తంభం ఒక్కటే. దాన్ని నిటారు చేస్తాడో, ఫ్రేమ్‌లోంచి తీసేస్తాడో, ఇంకా వాలుస్తాడో వాడి ఇష్టం. అది వాడి ఫోటో.

పన్నెండూ అయ్యాక లెక్క చూసుకున్నాం. ఏడింటిలో మా కన్ను ముందు పడింది మనిషి మీద కాదు, వెనకాల ఉన్న ఏదో ఒక వెలుగు మీద. ఫ్లెక్సీ, ట్యూబ్‌లైటు, తెల్ల స్కూటర్, నీలం డ్రమ్ము. పేజీన్నర లిస్టు పోయి ఒక్క వాక్యం మిగిలింది. నొక్కే ముందు నాలుగు మూలలూ, మనిషి వెనకా చూసుకోవాలి. ఎక్స్‌పోజర్ (వెలుగు కొలత) సంగతులు తర్వాతి నెలకు వాయిదా వేశాం.

దామలచెరువు మండీలో

సలహా పనిచేసిందో లేదో తెలియాలంటే మళ్ళీ తీయాలి. జాతర ఏడాదికొకసారి. జులైలో మన వైపు మామిడి ఇంకా నడుస్తూ ఉంటుంది కాబట్టి పాకాల పక్కన దామలచెరువు మండీకి పంపాను. రెండు ఆదివారాలు, రోజుకు 36 ఫ్రేములే. ఫిల్మ్ రోల్‌లో ఉండే లెక్క అది. 36 అని తెలిస్తే నొక్కే వేలు కాస్త ఆలోచిస్తుంది.

మొదటి ఆదివారం తెచ్చినవాటిలో వెనకలు శుభ్రంగా ఉన్నాయి. కానీ మనుషులందరూ జబ్బుపడి లేచినట్టున్నారు. మొహాలు నీలంగా, తోతాపురి గుట్టలు పాచి రంగులో. కారణం తలపైన కట్టిన నీలం టార్పాలిన్. ఎండ దాంట్లోంచి దిగి వస్తే వెలుగే నీలం అవుతుంది. కెమెరాలోని ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ రంగును కొంత సర్దుతుంది, పూర్తిగా సర్దలేదు, ఎందుకంటే పట్ట అంచునుంచి మామూలు ఎండ కూడా అదే ఫ్రేమ్‌లో పడుతోంది. రెండు రంగుల వెలుగును ఒక్క సెట్టింగ్ సరిచేయలేదు. ఈసారి వాడికి పరిష్కారం చెప్పలేదు. "మొహం రంగు మామూలుగా ఉన్న ఫ్రేమ్ ఏదన్నా ఉందా?" అని అడిగాను. వెతికాడు. రెండున్నాయి. రెండింటిలోనూ మనిషి పట్ట అంచు దగ్గర నిలబడి ఉన్నాడు. "అర్థమైందన్నా" అన్నాడు, నేనింకేం చెప్పకుండానే.

రెండో ఆదివారం ఇంకో మాట పట్టుకొచ్చాడు. ఈసారి చెప్పింది మా నలుగురిలో ఎవరూ కాదు. కాయలు గ్రేడ్ చేసే ఒక కూలామె ఫోటో తీసి, కెమెరా వెనక స్క్రీన్ మీద ఆమెకు చూపించాడట. ఆమె చూసి, "ఇంత వొంగి ఉండేది కాదబ్బయ్యా, నా బిడ్డకు చూపిచ్చే మాదిరి తియ్యి" అందట. తట్ట పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, ఒక కాయ చేత్తో పట్టుకుని నిటారుగా నిలబడింది. వాడు మొదట తీసింది శ్రమ ఫోటో, మనం మామూలుగా మెచ్చుకునే రకం. రెండోది ఆమె తానెలా కనపడాలనుకుందో అది. రెండు ప్రింట్లూ పక్కపక్కన పెడితే మాస్టారు చాలాసేపు ఏం మాట్లాడలేదు. నేను ఇరవై ఏళ్ళలో వేల మందిని తీశాను. పెళ్ళివాళ్ళు డబ్బులిస్తారు కాబట్టి వాళ్ళ మాట వింటాను. వీధిలో తీసిన మనిషికి చూపించి "నీకెట్లుంది?" అని అడిగింది లేదు. ఆ ప్రింట్ ఒకటి ఆమెకు ఇచ్చి రమ్మని మళ్ళీ పంపాను.

మారింది, మారనిది

ఆగస్టు చివర మళ్ళీ పన్నెండు ప్రింట్లు పరిచాం. వెనకాల వెలుగు మీద ముందు కన్ను పడినవి రెండే. ప్రశ్నలు కూడా మారాయి. జులైలో ప్రింట్ల వెనక "ఎట్లుంది?", "బాగుందా?" అనే ఐదారు చోట్ల ఉన్నాయి. ఇప్పుడు "ఇద్దరిలో ఎవురు ముఖ్యమో తెలస్తా ఉందా?", "కుడిపక్క ఖాళీ ఎక్కువైందా?" అని రాశాడు. అడిగే తీరు బాగుపడేసరికి మా జవాబులూ బాగుపడ్డాయి. మొదటి నెలలో నాలుగు గంటలు పట్టిన పని గంటన్నరలో అయింది.

మారనిది దూరం. వాడు ఇప్పటికీ నాలుగు అడుగులు ఎక్కువ దూరంలో నిలబడతాడు. వాడి కెమెరా సెన్సర్ చిన్నది, దాని మీద 50 ఎంఎం లెన్స్ 80 ఎంఎంలా చూస్తుంది. అది దూరంగా నిలబడేవాడికి మంచి సాకు. ఇది టెక్నికల్ సమస్య కాదు, కొత్తవాళ్ళతో మాట కలపడానికి ఉన్న జంకు. ప్రింట్లు పరిచి దీన్ని సరిచేయలేం. 18-55 లెన్స్‌ను 24 దగ్గర, అంటే మనిషి దగ్గరికి పోతేనే పెద్దగా కనపడేలా, పెట్టుకుని ఒక నెల తిరగమన్నాను, కొంత తగ్గింది.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. తర్వాత ఇదే పద్ధతి ఇంకో అమ్మాయితో చేస్తే మొదటి రోజే బెదిరిపోయింది. నలుగురు చుట్టూ కూర్చుని తన ఫోటో వైపు చూస్తుంటే, మాట్లాడకుండా కూర్చోవడం ఆమెకు పరీక్షలా అనిపించింది. ఆమెకు మూడు ప్రింట్లే, పూలక్క ఒక్కతే చూసేలా పెట్టాక కుదిరింది. ఎంతమంది, ఎన్ని ఫోటోలు అన్నది ఎదుటి మనిషిని బట్టే.

ఈ మేలో చిన్నోడు మళ్ళీ జాతరకు పోయాడు. బుధవారం అదే సందు. అదే చోట ఈసారి రెండు ఫ్లెక్సీలు. వాడు ఎదురుపక్కకు పోయి, సున్నం కొట్టిన పాత గోడ ముందు మోకాలి మీద కూర్చుని, మాన్యువల్‌లో పెట్టుకుని గంటన్నర ఉన్నాడు. తెల్ల గోడ ముందు తెల్లటి పిల్లాడు. నేనైతే వద్దనేవాణ్ణి. ప్రింట్‌లో సుద్ద మీద ఎండి పగిలిన గీతలు, దాంట్లోంచి చెమట దిగిన దారి, వేపాకు పచ్చ, నల్లటి కళ్ళు, అంతే ఉన్నాయి. తెలుపు ఎక్కడా కాలిపోలేదు.

పోయిన ఆదివారం ఆ ప్రింట్ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. నేను ముందు వెనక్కి తిప్పి చదివాను. "పిల్లోడు నాకోసం నిలబడినట్టు ఉండాడా, వాడంతట వాడే ఉండాడా?" అని పెన్సిల్‌తో రాసి ఉంది. చదివి పూలక్కకు అందించాను. ఆమె పూలబుట్ట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ప్రింట్ పట్టుకుని గుమ్మం దగ్గరి వెలుతురులోకి నడిచింది. చిన్నోడు నోట్‌బుక్ తెరిచి కూర్చున్నాడు.